ఏమీ తెలియనివారి మిక్సరు

పేటలోని నిరీక్షణ మందిరానికి, మైకులను స్పీకర్లతో కలిపే కొత్త సౌండు మిక్సరు కొనాలనుకోవడంలో ఎవరి తప్పూ లేదు. పాతది తన ఆయుష్షు తాను తీర్చుకుంది. నెత్తిన గట్టిగా ఒకటి ఇచ్చుకుంటేనే పలికేది. పలికినా మనం చెప్పిందే పలుకుతుందన్న భరోసా లేదు. ఒక పెళ్ళిలో పాస్టరు అయ్యగారు "ఈమెను నీ భార్యగా స్వీకరింతువా" అని అడిగిన మరుక్షణం స్పీకర్లోంచి రేడియో వార్తలు వచ్చి, ధాన్యం ధరలు చెప్పి వెళ్ళిపోయాయి. పెళ్ళికొడుకు మంచివాడు కాబట్టి, అవన్నీ అయ్యేదాకా ఆగి, అప్పుడు ఒప్పుకున్నాడు.

అసలు తప్పంతా కుర్చీల దగ్గర జరిగింది.

కొన్నేళ్ళ కిందట మందిరానికి ప్లాస్టిక్ కుర్చీలు కొన్నారు. కుర్చీల గురించి బాగా తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఆ బాధ్యత నెత్తిన వేసుకుని, తన తోడల్లుడి కొట్లో కొనిపించాడు. క్రిస్మస్ విందులో అవి ఒక్కొక్కటే కాళ్ళు చాపాయి. బిర్యానీ పళ్ళేలతో సహా సంఘం నేల మీదికి దిగింది. ఆ తర్వాత పెద్దలంతా కూర్చుని తీవ్రంగా ఆలోచించారు. కుర్చీలు మంచివి కొనాల్సిందని ఎవరూ అనలేదు. తోడల్లుణ్ణి నిలదీద్దామనీ అనలేదు. తెలిసినవాడి చేతిలో పెట్టడమే పొరపాటని తేల్చారు. తెలిసినవాడికి అభిప్రాయం ఉంటుంది. అభిప్రాయం ఉన్నచోట పక్షపాతం ఉంటుంది. పక్షపాతం ఉన్నచోట తోడల్లుడు ఉంటాడు. కాబట్టి ఇకమీదట మందిరానికి ఏ వస్తువు కొన్నా, ఆ వస్తువు గురించి తెలిసినవారెవరూ దాని దరిదాపులకు రాకూడదని తీర్మానం చేశారు.

ఆ తీర్మానం రాసిన చెయ్యి యాకోబు సుందరరావు గారిది. రిజిస్ట్రారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. రిటైరైంది ఆయనే గానీ ఆయన భాష ఇంకా డ్యూటీలోనే ఉంది. ఇంట్లో పప్పులో ఉప్పు తక్కువైనా "సదరు పప్పు నందు లవణ లోపము గమనించడమైనది" అంటాడని ఆయన కోడలు చెబుతుంది. మిక్సరు ఎంపిక కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. సభ్యులు కావాలంటే మాత్రం ఆయన దగ్గర పరీక్ష నెగ్గాలి.

ఆ పరీక్షకు వరదానం వెళ్ళాడు.

వరదానం పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. సూది వేసేటప్పుడు గేదెల మీద తప్ప ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. మందిరంలో ఒక్క అయ్యగారికే జీతం. తతిమ్మా అందరూ వారమంతా ఎవరి పని వాళ్ళు చూసుకుని ఆదివారం సేవకు వచ్చేవాళ్ళే. వరదానం వంతు ఇన్నాళ్ళూ గేటు దగ్గర స్కూటర్లు వరసలో పెట్టించడం. ఆ పనిలో అతనికి పోటీ లేదు, తగాదా లేదు. అలాంటివాడు కమిటీలో దూరాలనుకున్నాడంటే కారణం ఒక్కటే, వాళ్ళ అత్తగారు.

కృపారత్నమ్మ గారు మందిరంలో ఆడవాళ్ళ వైపు మొదటి వరస మనిషి. అయ్యగారి ప్రసంగానికి ఆమె మార్కులు వేస్తేగాని అది ప్రసంగం కిందికి రాదు. సాగదీస్తే దగ్గుతుంది. కథ తప్పు చెబితే కళ్ళజోడు తీసి తుడుస్తుంది. బాగా చెప్పినరోజు మాత్రం అందరికన్నా ముందు "ఆమెన్" ఆమెదే. అలాంటావిడ వర్షాకాలంలో స్నానాలగది గడప దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనైంది. కొన్ని నెలలు మంచం దిగొద్దన్నారు. కూతురింట్లో, మందిరం వెనక వీధిలో, కిటికీ పక్కన మంచం వేశారు. చేతికి ఫోను ఇచ్చి ఆదివారం ఆరాధన లైవులో చూడమన్నారు.

చూడ్డానికి బాగానే ఉంది. వినడానికే ఏమీ లేదు. లైవు తీసే ఫోనుకు వేరే చోటు దొరక్క డ్రమ్ముల పక్కన నిలబెట్టారు. అందులోకి డ్రమ్ములు తప్ప వేరే ఆత్మీయ విషయమేదీ ప్రవేశించదు.

"ఏవయ్యా అల్లుడూ, మీ అయ్యగారు వాక్యం చెబుతన్నాడా, దరువేస్తన్నాడా? మూతి కదుల్తంది, మోతేమో వేరే వస్తంది," అంది మొదటి ఆదివారం.

తీర్పు చెప్పడానికి ప్రసంగం లేకపోయేసరికి ఆమె అల్లుడి మీద తీర్పులు చెప్పడం మొదలుపెట్టింది. వరదానం కాఫీ తాగే చప్పుడు, తలుపు వేసే తీరు, బనీను ఆరేసే పద్ధతి అన్నీ విచారణకు వచ్చాయి. అదీ పర్వాలేదనుకున్నాడు. కానీ ఒక ఆదివారం ఆమె ఫోనును బోర్లా పెట్టేసి, కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఆ పూట ఎవర్నీ ఏమీ అనలేదు. అన్నం దగ్గరా అనలేదు, కాఫీ దగ్గరా అనలేదు. వరదానానికి నిజంగా భయం వేసింది.

మర్నాడే బస్టాండు దగ్గర సౌండు సామాన్ల కొట్లో రఫీ అనే సేల్స్‌మన్‌ను అడిగాడు.

"డిజిటల్ మిక్సరు కొనుక్కోండి సార్. లైవుకి విడిగా వైరు ఇయ్యొచ్చు. హాలు సౌండు హాలుదే, ఫోను సౌండు ఫోనుదే. ఇంట్లో ఉన్నోళ్ళకి అయ్యగారు పక్కన కూర్చుని చెప్పినట్టుంటది," అన్నాడు రఫీ.

అంతే. వరదానానికి మిక్సర్ల గురించి తెలిసింది ఆ ఒక్క ముక్కే. కానీ కమిటీ నియమం ప్రకారం అది కూడా ఒక ముక్క ఎక్కువే.

సుందరరావు గారు కళ్ళజోడు పైనుంచి చూసి పరీక్ష మొదలుపెట్టారు.

"మిక్సరు అనగా మీ అవగాహన ఏమి?"

"ఏమీ లేదండీ."

"అది చూచుటకు ఎటులుండును?"

"చూళ్ళేదండీ."

"మీ బంధువర్గములో సదరు విషయ పరిజ్ఞానము గలవారు?"

"మావాళ్ళంతా పాడి, పశువులేనండీ."

"మిక్కిలి సంతోషము," అని సుందరరావు గారు లేచి చెయ్యి కలిపారు. "ఈ కాలమున ఇంతటి నిష్కల్మషమైన అజ్ఞానము అరుదు."

వరదానం తలవంచుకుని బయటికి వచ్చాడు. అబద్ధం ఆడినందుకు మనసు పీకింది. ఇంటికెళ్ళి అత్తగారి మొహం చూశాక పీకడం ఆగిపోయింది.

కమిటీలో నలుగురు. సుందరరావు గారు, వరదానం, స్త్రీల సమాజం తరఫున ఎస్తేరు టీచరు, యౌవనుల తరఫున బోరు లారీ నడిపే డేనియలు. డేనియలు మందిరంలో డ్రమ్ములు వాయిస్తాడు. వాయించేవాడికి సౌండు గురించి తెలిసే ప్రమాదం లేదా అని ఎవరో అడిగారు. అతను వాయించేటప్పుడు విన్న సుందరరావు గారు, ఆ ప్రమాదం లేదని రూలింగు ఇచ్చారు.

మొదటి సమావేశం అధ్యక్షుల ప్రార్థనతో మొదలైంది. "ప్రభువా, ఈ విషయమై నీవు మాకు అనుగ్రహించిన అజ్ఞానమును చివరివరకు చెక్కుచెదరకుండ కాపాడుము," అని వేడుకున్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆ తర్వాత అయిదు నిమిషాలు కాకముందే ఎస్తేరు టీచరు నోరు జారింది.

"ఎన్ని ఛానెళ్ళది కొందామంటారు?" అంది.

సుందరరావు గారు పెన్ను మూత పెట్టారు.

"టీచరుగారూ, ఛానెల్ అను పదము తమకు ఎక్కడ లభించినది?"

"మా మేనల్లుడి పెళ్ళిలో మైకుసెట్టు వాళ్ళు అనుకుంటంటే విన్నానండీ. నాకేం తెలుసు?"

"తెలియనిదే పలికితిరా?"

"తెలియక కాదు, తెలిసీ కాదు. ఊరికే అన్నానండీ."

"ఊరికే ఒక పదము, తదుపరి ఒక అభిప్రాయము, తదుపరి ఒక తోడల్లుడు," అన్నారు సుందరరావు గారు విచారంగా. ఆ సాయంత్రమే ఎస్తేరు టీచరుకు శాలువా కప్పి, ఆమె ఇన్నాళ్ళ సేవను కొనియాడి, కమిటీ నుంచి పంపేశారు. ఆమె ఎక్కడికీ పోలేదు. కిటికీ అవతల కుర్చీ వేసుకుని ప్రార్థన సహకారిగా కూర్చుంది. ప్రార్థన చేసేవాళ్ళను ఆపే అధికారం ఏ కమిటీకీ లేదు.

ఇది చూశాక వరదానం నోటికి తాళం వేసుకున్నాడు. కానీ తాళం వేసుకుంటే వైరు సంగతి ఎవరు చెబుతారు? నాలుక చివర ఆ ఒక్క ముక్క పెట్టుకుని వారాల తరబడి మీటింగులకు వెళ్ళాడు. ఒకసారి ధైర్యం చేసి "ఇంటి దగ్గర మంచం మీద ఉన్నవాళ్ళ సంగతి కూడా..." అన్నాడు. సుందరరావు గారి చెయ్యి పెన్ను మూత మీదికి వెళ్ళింది. "...ప్రార్థనలో పెట్టుకుందామండీ," అని ముగించాడు వరదానం.

చివరికి మిక్సర్లు చూసే రోజు వచ్చింది. రఫీ మూడు రకాలు తెచ్చి మందిరం బల్ల మీద పెట్టి, ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు.

"ప్లగ్గు అనవసరము," అన్నారు సుందరరావు గారు. "ఆన్ చేసినచో శబ్దము వచ్చును. శబ్దము వచ్చినచో ఒకటి బాగున్నదనియు ఒకటి బాగులేదనియు తోచును. అది ఎంపికకు భంగము."

రఫీ చేతిలో వైరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "మరి ఎట్టా చూస్తారండీ?"

"కళ్ళతో."

"పోనీ నేను చెబుతా. ఇదేమో..."

"తమరు వివరించరాదు. తెలిసినవారు గదా. రంగు మాత్రము చెప్పవచ్చును."

"నలుపండీ," అన్నాడు రఫీ దిగులుగా. "ఇదీ నలుపే. ఇది కూడా."

సమావేశం వేగంగా నడిచింది. డేనియలు ఒక్కొక్కటీ ఎత్తి బరువు చూశాడు. సుందరరావు గారు బల్ల గుడ్డతో రంగు కలుస్తుందో లేదో పరిశీలించారు. మూడూ నలుపే కాబట్టి మూడూ సమానంగా కలవలేదు. ఒకదానికి గుండీలు వరసగా ఉన్నాయని డేనియలు మెచ్చుకున్నాడు. మెచ్చుకోవడం అభిప్రాయం కిందికి వస్తుందని అధ్యక్షులు హెచ్చరించారు. రఫీ గోడకు ఆనుకుని పైకప్పు వంక చూస్తూ ఉన్నాడు. అతని ఉద్యోగంలో ఇలాంటి రోజు ఒకటి ఉంటుందని ఎవరూ ముందు చెప్పలేదు.

పొద్దు వాలింది. ఎటూ తేలలేదు. అభిప్రాయం లేనివాళ్ళు ముగ్గురు, ఒకేలాంటి నల్లపెట్టెలు మూడు. చీట్లు వేద్దామన్నాడు డేనియలు. వరదానం మూడు పెట్టెల వంకా చూశాడు. వైరు లేని పెట్టె వస్తే? మళ్ళీ ఇంకో పెట్టె కొనడం ఈ కమిటీ వల్ల అయ్యేసరికి అత్తగారి తుంటి అతుక్కోవడం కాదు, ఆవిడ నూరేళ్ళూ నిండుతాయి.

"ముందు ప్రార్థన చేసుకుందామండీ," అన్నాడు.

నిరీక్షణ మందిరంలో ఒక ఆచారం ఉంది. పైకి అనలేనిది ఏదైనా ప్రార్థనలో అనేస్తారు. కళ్ళు మూసుకున్నాక మధ్యలో అడ్డం రావడం మర్యాద కాదు. అత్తాకోడళ్ళు ఒకరి మీద ఒకరు ప్రభువుకు చెప్పుకునేది అందులోనే. అయ్యగారి ఇంటి పైకప్పు కారుతున్న సంగతి సంఘానికి తెలిసింది కూడా అమ్మగారి ప్రార్థనలోనే. ప్రార్థనలో చెప్పింది దేవుడితో చెప్పింది కాబట్టి దాన్ని మనుషులు విన్నట్టు లెక్క కాదు.

వరదానం కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, మాకేమీ తెలియదు," అని మొదలుపెట్టాడు. సుందరరావు గారు తృప్తిగా "అవును ప్రభువా" అన్నారు. "మాకు తెలియనివన్నీ నీకు తెలుసు. నీ మందిరానికి రాలేక మంచాన ఉన్న తల్లులు నీకు తెలుసు. వాళ్ళ చేతిలో ఫోన్లు నీకు తెలుసు. ఆ ఫోన్లలోకి వాక్యం వెళ్ళడానికి విడిగా ఒక వైరు ఉండే పెట్టె ఈ మూడింటిలో ఏదో అది కూడా నీకే తెలుసు. మేం ముసలివాళ్ళమైనప్పుడు మేమూ వినాలి ప్రభువా. ఆ పెట్టెనే మాకు ఇప్పించు."

"ఆమెన్," అంది కిటికీ అవతల నుంచి ఎస్తేరు టీచరు, అందరికన్నా ముందుగా.

డేనియలు ఊరుకోలేదు. డ్రమ్ములన్నిటికీ సరిపడా బెజ్జాలుండే పెట్టె కావాలని తనూ ప్రార్థించాడు. తర్వాత సుందరరావు గారు దుమ్ము పడకుండా మూత ఉన్నది కావాలని, వ్యాకరణయుక్తంగా, చాలాసేపు వేడుకున్నారు. అన్నిటికీ అందరూ ఆమెన్ అన్నారు.

రఫీ వేరే మతం వాడు. మర్యాదకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు గానీ కళ్ళు మూసుకోవాలన్న నియమం అతనికి వర్తించదు. వరదానం ఒక కన్ను కొంచెం తెరిచి చూసేసరికి, రఫీ చప్పుడు చేయకుండా ఎడమ చివర ఉన్న పెట్టెను బల్ల మధ్యకు జరుపుతున్నాడు. మూత కూడా తెచ్చి దాని పక్కన పెట్టాడు. వరదానం వెంటనే కన్ను మూసేసుకున్నాడు.

అందరూ కళ్ళు తెరిచారు. ఒక పెట్టె ముందుకు వచ్చి ఉంది.

సుందరరావు గారు చాలాసేపు దానివంక చూశారు. "దీనిని ఎవరు కదిపితిరి?" అని అడిగారు.

డేనియలు తను కాదన్నాడు, నిజమే చెప్పాడు. వరదానం కూడా తను కాదన్నాడు, అదీ నిజమే. తెలిసినవాళ్ళను అడగకూడదు కాబట్టి రఫీని ఎవరూ అడగలేదు.

"దేవునికి స్తోత్రము," అన్నారు సుందరరావు గారు, ఆయన కళ్ళు చెమర్చాయి. "ఆమెన్ అనునది ఏకగ్రీవ తీర్మానముతో సమానము. సదరు పెట్టె ఎంపికైనది."

రఫీ వైర్లన్నీ తగిలించి, పాతదాన్ని మారకం కింద పట్టుకుపోయాడు. మిక్సరుతో వచ్చిన వివరాల పుస్తకాన్ని ఎవరైనా చదివి తెలిసినవారైపోతారని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇక దాని దగ్గర ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న వచ్చింది. కొనేటప్పుడు తెలియకూడదంటే వాడేటప్పుడు మరీ తెలియకూడదన్నది అందరికీ సబబుగానే తోచింది. ఈ విషయంలో తనకన్నా తెలియనివాడు సంఘంలో మరొకడు లేడని సుందరరావు గారు వినయంగా మనవి చేసుకున్నారు. ఎవరూ కాదనలేదు.

ప్రతిష్ఠ ఆదివారం మందిరం కిటకిటలాడింది. సుందరరావు గారు కోటు వేసుకుని మిక్సరు ముందు కూర్చున్నారు. దీపాలు వెలిగాయి. ఆయన ఒక గుండీ నొక్కి చూశారు. ఎర్రగా వెలిగింది. బాగుంది గదా అని అలాగే ఉంచారు.

అయ్యగారిది మెత్తని గొంతు, మందిరం పెద్దది, ఫ్యాన్లు పాతవి. ఆయన మైకు ముందు నోరు తెరిచారు. ఏమీ వినబడలేదు. పాటల బృందంలో వరదానం భార్య లూదియ పాట ఎత్తుకుంది. మెడలో నరాలు కనబడ్డాయి గానీ పాట మొదటి వరస దాటలేదు. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వినబడటం లేదని అంటే సౌండు గురించి తెలిసినవాళ్ళమని పేరొస్తుందేమోనని ఎవరూ అనలేదు. "డిజిటల్ అంటే ఇట్టానే ప్రశాంతంగా ఉంటది గామోసు," అనుకున్నాడు వెనక వరసలో ఒకాయన. అయ్యగారు వేలు ఎత్తి, దించి, చేతులు చాపి, చివరికి కూర్చున్నారు. ప్రసంగం అయిపోయిందని అప్పుడు అర్థమై జనం లేచారు.

వరదానం దిగులుగా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే అత్తగారి గొంతు వినబడింది.

"రావయ్యా. ఇన్నాళ్ళకి విన్నా. యోనా కథ చేప కడుపులో ఉన్నంతసేపు బాగా చెప్పాడు. ఒడ్డున పడ్డాక తేలిపోయాడు. అక్కడ ఆపెయ్యాల్సింది. మన లూదియ రెండో చరణంలో శృతి వదిలేసింది. ఆ సుందరరావు గారు పక్కాయనతో వక్కపొడి ఉందా అని అడగడం కూడా వినబడింది."

వరదానం మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు. హాల్లో కూర్చున్న వందలమందికి వినబడని ప్రసంగం మంచం మీది మనిషికి ఊపిరితో సహా వినబడింది. సంతోషం పట్టలేక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి లాక్కోలేదు.

"అంతా బాగానే ఉంది," అందామె. "ప్రార్థన అయ్యాక ఆమెన్ అన్నా. కిటికీలోంచి ఒక్క గొంతూ రాలా. బుద్ధెరిగినకాడ్నుంచి ఆమెన్ ఒక్కదాన్నే ఎప్పుడూ అన్లేదయ్యా. మూసేసిన కొట్టు ముందర నిలబడి బేరమాడినట్టుంది."

ఆ సాయంత్రానికి సంగతి పేటంతా పాకింది. ఇళ్ళలో ఉన్నవాళ్ళకు అద్భుతంగా వినబడిందట. మందిరానికి వెళ్ళినవాళ్ళు మంచాల మీద ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, పాస్టరుగారు ఏం చెప్పారని అడిగి తెలుసుకున్నారు. సుందరరావు గారు అత్యవసర సమావేశం పెట్టారు.

"మిక్సరు శబ్దమును అందించుచున్నదని రూఢి అయినది," అన్నారు. "అది ఎక్కడ వినబడవలెనన్నది మన కమిటీ పరిధిలోనికి రాదు. హాజరగువారు తమ తమ ఫోన్లు తెచ్చుకొని, లైవునందు వినవలసినదిగా కోరడమైనది."

అయ్యగారు ఏదో అనబోయారు. సుందరరావు గారు ప్రార్థనతో సమావేశం ముగించారు.

బుధవారం రఫీ పశువుల ఆస్పత్రికి వచ్చి వరదానాన్ని పక్కకు పిలిచాడు. "సార్, నేను తెలిసినోణ్ణి గనక నన్ను గేటు లోపలికి రానియ్యడంలేదు. మీరన్నా వినండి. కుడిచేతి చివర ఎర్రలైటు గుండీ ఒకటుంది. హాలు సౌండు ఆపేసేది అదే. ఒక్కసారి నొక్కండి. హాలంతా మోగుద్ది. మీ అత్తగారి వైరు ఎక్కడికీ పోదు."

ఇప్పుడు వరదానానికి రెండు ముక్కలు తెలుసు. ఆదివారం ఎలాగైనా ఆ గుండీ నొక్కాలని నిశ్చయించుకున్నాడు. సుందరరావు గారు వక్కపొడి కోసం పక్కకు తిరుగుతారు, అది చాలు. అయితే ఆ పొద్దున అత్తగారిని చూసుకోవడానికి పెట్టుకున్న పనిమనిషి రాలేదు. లూదియ పాటకు వెళ్ళింది. అత్తగారికి టిఫిను పెట్టి, మందు వేసి వెళ్దామనుకునేసరికి ఆరాధన మొదలైపోయింది.

మందిరంలో ఏం జరిగిందో తర్వాత లూదియ చెప్పింది. అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారట. లైవు అరనిమిషం ఆలస్యంగా వస్తుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినవాళ్ళు బయటపడలేదు. అయ్యగారు "లేచి నిలబడుదాం" అంటే ఎవరూ లేవలేదు. ఆయన విసిగి "కూర్చోండి" అనేసరికి అందరూ లేచారు. ప్రసంగంలో ఒక నవ్వుమాట చెప్పి, ఎవరూ నవ్వలేదని చిన్నబోయి, ఆయన సిలువ మరణం దగ్గరికి వచ్చేసరికి హాలంతా గొల్లున నవ్వింది. డేనియలు ఫోన్లో పాట విని దానికి డ్రమ్ములు వాయించాడు. లూదియ వాళ్ళు అప్పటికి తర్వాతి చరణంలో ఉన్నారు. సుందరరావు గారు మాత్రం ఎర్రలైటు వంక చూస్తూ, అంతా సవ్యంగా ఉందని తల ఊపుతూ కూర్చున్నారట.

వరదానం గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. ఇప్పుడు వెళ్ళినా ముగింపు ప్రార్థన వేళకు గుండీ నొక్కొచ్చు. లోపల అత్తగారి ఫోన్లో అయ్యగారి గొంతు వినబడుతోంది. మెత్తగా, దగ్గరగా, పక్కన కూర్చుని చెప్పినట్టే ఉంది. ప్రసంగానికి ముందటి ప్రార్థన ముగిసింది.

"ఆమెన్," అంది కృపారత్నమ్మ గారు.

సరిగ్గా ఆ క్షణానే కిటికీలోంచి వందల గొంతులు ఒక్కసారిగా ఆమెన్ అన్నాయి. మందిరంలో అందరూ ఆమె విన్నప్పుడే విన్నారు, ఆమె అన్నప్పుడే అన్నారు. ఆమె ఉలిక్కిపడి కిటికీ వైపు చూసింది. తర్వాత అల్లుడి వైపు చూసింది. కళ్ళజోడు తీసింది గానీ తుడుచుకున్నది అద్దాలు కాదు.

"విన్నావా?" అంది. "నాతోపాటే అన్నారయ్యా. అందరూ నాతోపాటే."

వరదానం చెప్పులు విడిచేశాడు. లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ లేచి నడిచేదాకా, మొదటి వరసలో తన చోట తను కూర్చునేదాకా, ఆ ఎర్రలైటు అలాగే వెలగనీ అనుకున్నాడు.

మధ్యాహ్నం సుందరరావు గారు గొడుగు వేసుకుని వచ్చారు. మొహంలో ఆందోళన ఉంది. వందనాలు చెప్పి కుర్చీ అంచున కూర్చున్నారు.

"వరదానం గారూ, సంఘమునందు ఒక వదంతి గలదు. మిక్సరునందు ఏదియో ఒక గుండీ ఉన్నదనియు, అది నొక్కిన హాలు నందు వినబడుననియు, ఆ సంగతి మన కమిటీలో ఎవరికో తెలుసుననియు. తమకేమైనా తెలియునా?"

కృపారత్నమ్మ గారు మంచం మీద నుంచి అల్లుడి వంక చూస్తోంది.

"నాకేమీ తెలియదండీ," అన్నాడు వరదానం.

సుందరరావు గారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, చేతులు పైకెత్తి, "దేవునికి స్తోత్రము," అన్నారు.

"ఆమెన్," అంది కృపారత్నమ్మ గారు.